తుఫానుకు ముందు రూపాయి, తుఫాను తర్వాత రూపాయి

కార్తీక మాసం వచ్చిందంటే కోనసీమ రైతు ఒక కన్ను చేను మీద, ఒక కన్ను ఆకాశం మీద వేసి ఉంచుతాడు. వరి కంకులు బంగారు రంగు తిరిగే రోజులు అవే. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే రోజులూ అవే. కాకినాడ రేవులో ప్రమాద సూచిక ఎగరవేశారన్న వార్త వినగానే కోతకు వచ్చిన చేను, పాకలోని పశువులు, సముద్రం మీదికి వెళ్ళిన పడవ అన్నీ ఒక్కసారిగా గుర్తుకు వస్తాయి.

తుఫాను వచ్చి వెళ్ళిన మర్నాటి నుంచి బడుల్లో, బజార్లలో చందాల డబ్బాలు తిరుగుతాయి. మీరూ మీ జేబు ఖర్చులోంచి ఎంతో కొంత వేసే ఉంటారు. మంచి పనే.

ఇంగ్లీషులో ప్రకృతి వైపరీత్యాల గురించి ఏ పాఠం చదివినా మూడు మాటలు ఎదురవుతాయి: రిలీఫ్, రిహాబిలిటేషన్, ప్రిపేర్డ్‌నెస్. మొదటిది ఆపద వచ్చిన వెంటనే చేసే సాయం: అన్నం, నీళ్ళు, మందులు. రెండోది కూలిన ఇంటిని, పోయిన బతుకుతెరువును తిరిగి నిలబెట్టడం. మూడోది ఆపద రాకముందే సిద్ధంగా ఉండడం. అర్థాలు బట్టీ పడితే పరీక్షలో మార్కులు వస్తాయి. కానీ వీటిని పక్కపక్కన పెట్టుకుని ఒక ప్రశ్న వేసుకోవాలి. మనం ఇచ్చే రూపాయి ఈ మూడింటిలో దేనికి వెళితే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయి? ఇది దానధర్మాల ప్రశ్నలా కనిపించినా నిజానికి సైన్సు ప్రశ్న. కాబట్టి సైన్సు పద్ధతిలోనే జవాబు వెతుకుదాం.

దివిసీమ ఉప్పెన

1977 నవంబరు 19, శనివారం. బంగాళాఖాతంలో బలపడిన పెను తుఫాను బాపట్ల, చీరాల ప్రాంతంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్లు. అయితే ఎక్కువ మంది ప్రాణాలు తీసింది గాలి కాదు, నీరు. కృష్ణానది పాయల మధ్య ఉన్న దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి వచ్చింది. 5 మీటర్లంటే ఒక అంతస్తు మేడ కంటే ఎత్తు. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు పదివేల వరకు ఉంటారని అధికార లెక్కలు. అంతకంటే ఎక్కువేనని చాలామంది అభిప్రాయం. అవనిగడ్డ దగ్గర పులిగడ్డలో వారి స్మృతికి కట్టిన స్తూపాన్ని ఇప్పటికీ చూడవచ్చు.

తీరం దాటింది బాపట్ల, చీరాల దగ్గర కదా, మరి అంత నష్టం దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమకు ఎందుకు జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఉప్పెన ఎలా పుడుతుందో తెలుసుకోవాలి.

సముద్రం ఎందుకు లేస్తుంది?

సముద్రపు పైపొర ఉష్ణోగ్రత సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే నీరు విస్తారంగా ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి పైకి వెళ్ళి చల్లబడి మేఘంగా మారేటప్పుడు తనలో దాచుకున్న గుప్తోష్ణాన్ని వదిలేస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది. కింద పీడనం తగ్గుతుంది. ఆ ఖాళీని నింపడానికి చుట్టూ ఉన్న గాలి పరుగెత్తుకొస్తుంది. భూభ్రమణం వల్ల ఆ గాలి తిన్నగా రాక, మన ఉత్తరార్ధగోళంలో గడియారపు ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. ఈ సుడిని చూసే పంతొమ్మిదో శతాబ్దంలో కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ దీనికి, పాము చుట్టను గుర్తు చేసే గ్రీకు మాట నుంచి, 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. ఆయన తన రచనలలో వివరించిన తుఫానులలో మన కాకినాడ పక్కనున్న కోరింగను 1789లో ముంచెత్తిన తుఫాను కూడా ఉంది.

ఇక ఉప్పెన లెక్క చూద్దాం. గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే, ఆ మేరకు బరువు తగ్గి సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. ఒక పెద్ద తుఫాను కేంద్రంలో పీడనం 70 మిల్లీబార్లు తగ్గిందనుకుందాం. అప్పుడు నీరు లేచేది 70 సెంటీమీటర్లు, అంటే మీ నడుము దాకా కూడా రాదు. మరి మిగతా నాలుగు మీటర్ల పైచిలుకు ఎక్కడిది? అది గాలి తోసుకొచ్చిన నీరు. లోతైన సముద్రంలో గాలి పైనీటిని ముందుకు తోస్తే, అడుగున ఉన్న నీరు వెనక్కి మళ్ళి సర్దుకుంటుంది. తీరం దగ్గర లోతు తక్కువ. వెనక్కి పోవడానికి దారి లేదు. అందుకే నీరు గుట్టగా పేరుకుని ఒడ్డు మీదికి పొర్లుతుంది. మన కోస్తాలో తీరం పల్లంగా ఉండి, సముద్రం మెల్లమెల్లగా లోతెక్కే చోట్ల ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇప్పుడు ఒక కాగితం మీద మన తూర్పు తీరాన్ని గీయండి. సముద్రం వైపు నుంచి పడమరగా వస్తున్న తుఫానును గుండ్రంగా గీసి, గడియారానికి ఎదురు దిశలో బాణాలు వేయండి. ఉత్తరం వైపున బాణాలు సముద్రం నుంచి నేల మీదికి వస్తున్నాయి. దక్షిణం వైపున నేల మీది నుంచి సముద్రంలోకి పోతున్నాయి. అంటే తుఫాను తీరం దాటే చోటికి కుడి పక్కన నీరు నేల మీదికి వస్తుంది, ఎడమ పక్కన వెనక్కి తగ్గుతుంది. 1977లో ఆ కుడి పక్కన ఉన్నది దివిసీమ. 'తుఫాను మన ఊళ్ళో దాటడం లేదుగా' అని ధీమాగా ఉండడం ఎంత ప్రమాదమో ఈ చిన్న బొమ్మే చెబుతుంది.

చేసి చూడండి: వెడల్పాటి పళ్ళెంలో ఒక సెంటీమీటరు లోతున నీళ్ళు పోయండి. ఒక అంచు నుంచి ఊదుగొట్టంతో నీటి మీదుగా ఆగకుండా ఊదండి. ఎదుటి అంచున నీరు ఎక్కడం కనిపిస్తుంది. అదే పని నిండు బకెట్టులో చేస్తే అలలు తప్ప నీరు అంతగా పేరుకోదు. లోతుకీ ఉప్పెనకీ ఉన్న సంబంధం ఇదే.

చందాలు వచ్చాయి

దివిసీమ వార్త తెలిసి రాష్ట్రం కదిలిపోయింది. సినీనటులు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి బాధితుల కోసం విరాళాలు సేకరించారు. రామారావు అంతకు ముందు 1952లో రాయలసీమ క్షామ బాధితుల కోసం కూడా అలాగే విరాళాలు పోగుచేశారు. దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి స్వచ్ఛంద సంస్థలు దివిసీమకు తరలివచ్చాయి. అన్నం పెట్టాయి, వైద్యం చేశాయి, ఇళ్ళు కట్టాయి.

ఆ సాయం లేకపోతే బతికి బట్టకట్టినవారు ఏమైపోయేవారో! ఉప్పెన తీసిన తర్వాత ఉప్పునీటితో చెరువులూ బావులూ చెడిపోతాయి. తాగునీరు లేక కలరా, విరేచనాలు మొదలవుతాయి. అప్పుడు ఒక క్లోరిన్ బిళ్ళ, ఒక ఉప్పు-పంచదార నీళ్ళ గ్లాసు ప్రాణం నిలుపుతాయి. కాబట్టి రిలీఫ్ వృథా అని ఎవరూ అనరు. కానీ ఆ రూపాయి ఎంత పెద్దదైనా, 19వ తేదీ రాత్రి పోయినవారిని తీసుకురాలేదు. ఈ విషయం గుర్తించే, ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి తర్వాతి సంవత్సరాల్లో తీరం వెంబడి వందలాది తుఫాను ఆశ్రయ భవనాలు కట్టించాయి. ఎత్తైన స్తంభాల మీద, గాలిని తట్టుకునేలా కొన్నింటిని గుండ్రంగా కట్టారు. మామూలు రోజుల్లో చాలాచోట్ల అవే బడులు. తీరం పొడుగునా సరుగుడు తోటలు నాటారు. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం ఆకాశానికి వెళ్ళాక, తుఫాను కదలికలను మేఘాల పైనుంచి చూసే వీలు, తీర గ్రామాలకు హెచ్చరికలు నేరుగా పంపే వీలు కలిగాయి.

ఈ ఖర్చుకు ఫలితం ఉందా? ప్రకృతే పరీక్ష పెట్టింది.

మూడు జతల పోలిక

1990 మే 9న మరో పెను తుఫాను దాదాపు అదే తీరాన్ని, కృష్ణా ముఖద్వారం దగ్గర తాకింది. ఈసారి ముందుగా కబురు అందింది. ఆరు లక్షలకు పైగా జనాన్ని పల్లపు ఊళ్ళ నుంచి తరలించారు. పంటలు, ఇళ్ళు, పశువులు భారీగా పోయాయి. కాని మనుషుల మరణాలు వెయ్యికి కాస్త తక్కువ. వెయ్యి తక్కువ సంఖ్యేం కాదు, కాని పదివేల పక్కన పెట్టి చూడండి.

'మాస్టారూ, రెండు తుఫానులూ ఒకటే అని ఎలా అంటాం?' అని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. సరైన ప్రశ్న. ప్రయోగశాలలో అయితే మిగతావన్నీ మార్చకుండా ఉంచి ఒక్కదాన్నే మారుస్తాం. ప్రకృతిలో అలా కుదరదు. అందుకే ఒక్క జతతో ఆగకుండా మరికొన్ని చూడాలి.

రెండో జత పక్క రాష్ట్రానిది. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను అదే రాష్ట్రంలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అంతకు ముందే దాదాపు పది లక్షల మందిని తరలించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి.

మూడో జత బంగ్లాదేశ్‌ది. 1970 నవంబరులో, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, భోలా తుఫాను మూడు లక్షల మందికి పైగా బలి తీసుకుంది. ఆ తర్వాత రెడ్‌క్రాస్ సాయంతో అక్కడ ఊరూరా వాలంటీర్ల దళాలు ఏర్పడ్డాయి. వారి పరికరాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: ఒక జెండా, ఒక చేతి మైకు, ఒక రేడియో. అయినా 1991లో మరో తుఫానుకు 1 లక్షా 38 వేల మంది చనిపోయారు. హెచ్చరిక చాలామందికి చేరింది. కాని వెళ్ళి తలదాచుకోవడానికి చాలినన్ని భవనాలు లేవు. అప్పుడు వేల సంఖ్యలో ఆశ్రయ భవనాలు కట్టారు. 2007లో సిడర్ తుఫాను వచ్చినప్పుడు మరణాలు మూడున్నర వేల లోపు.

మూడు జతలూ ఒకే మాట చెబుతున్నాయి. ముందుగా అందే కబురు, దాన్ని ఇంటింటికీ చేర్చే మనిషి, వెళ్ళడానికి గట్టి భవనం ఉంటే ప్రాణాలు దక్కుతాయి. మూడింటిలో ఏది లేకపోయినా మిగతా రెండూ చాలవు.

మన కోనసీమ నేర్పినది

దీనికి మన జిల్లాల అనుభవమే సాక్ష్యం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుఫాను వెడల్పులో చిన్నది. కాని చాలా తక్కువ సమయంలో బలపడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకార గ్రామాలు ఎందరినో పోగొట్టుకున్నాయి. ఉపగ్రహం ఉంది, రేడియో ఉంది. కాని నడి సముద్రంలో వల వేసుకుంటున్న మనిషికి కబురు చేరలేదు, చేరినా ఒడ్డుకు వచ్చే వ్యవధి లేదు. సముద్రం వేడెక్కుతున్న కొద్దీ ఇలా ఉన్నట్టుండి బలపడే తుఫానులు పెరుగుతాయని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. ఇప్పుడు హైదరాబాదులోని సముద్ర సమాచార సేవా కేంద్రం 'ఇన్‌కాయిస్' ఉపగ్రహాల ద్వారా నడి సముద్రంలోని పడవలకు కూడా హెచ్చరికలు పంపుతోంది. అయితే ఆ కబురు అందుకునే పరికరం ప్రతి పడవలోనూ ఉండాలి కదా!

రాజమహేంద్రవరంలో ఉన్న మనకు గోదావరి తల్లి ఇంకో రకం పాఠం చెబుతుంది. నది వరద ఉప్పెనలా గంటల్లో రాదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు మన ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు రెండు కోట్ల ఎనభై లక్షల లీటర్ల పైమాటే! 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటింది. ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. లంక గ్రామాలవారికి ఆ ఒక్క రోజు వ్యవధే ఆస్తి. పశువులను గట్టు ఎక్కించడం, ధాన్యం, కాగితాలు, పిల్లల పుస్తకాలు మూటగట్టడం అన్నీ ఆ రోజులోనే జరగాలి. పడవ సిద్ధంగా ఉంటే అది రోజు. లేకపోతే అది ఎదురుచూపు.

ఇక ఖర్చు లేకుండా కాపలా కాసేవి మడ అడవులు. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో బురదలోంచి పైకి పొడుచుకువచ్చిన శ్వాస వేళ్ళను మీలో కొందరు విహారయాత్రలో చూసే ఉంటారు. ఆ వేళ్ళ గుబురు అలల వేగాన్ని తగ్గిస్తుంది, ఒడ్డు మట్టిని పట్టి ఉంచుతుంది. 5 మీటర్ల ఉప్పెనను మడ అడవి పూర్తిగా ఆపుతుందని చెప్పలేం, కాని దాని విసురు తగ్గించగలదు. అలాంటి అడవిని నరికి రొయ్యల చెరువు తవ్వినప్పుడు ఆ కాపలా ఖర్చు ఊరి మీద పడుతుంది.

మీ చందా డబ్బా

ఈసారి మీ బడిలో విరాళాలు సేకరిస్తే ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి: ఏం కావాలో ముందు అడగండి. 2004 సునామీ తర్వాత తమిళనాడులోని నాగపట్నం ప్రాంతంలో ఎవరికీ పనికిరాని పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడ్డాయి. మత్స్యకారులకు కావలసింది వలలు, పడవలు. వరద ఊళ్ళో కావలసింది సాధారణంగా తాగునీరు, టార్పాలిన్లు, అగ్గిపెట్టెలు, పశువులకు మేత. చిరిగిన చొక్కా ఇవ్వడం దానం కాదు, బీరువా ఖాళీ చేసుకోవడం.

రెండు: ఎవరి ద్వారా పంపుతారో వసూలుకు ముందే తేల్చుకోండి. 1971 ఆగస్టు 1న రవిశంకర్, జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం గొప్ప కచేరీ చేశారు. అయితే ముందుగా ఒక ధార్మిక సంస్థ పేరున ఏర్పాటు చేసుకోనందువల్ల, దాని రికార్డుల మీద వచ్చిన డబ్బు చాలావరకు పన్నుల చిక్కుల్లో పడి ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. ఆకలి అన్నేళ్ళు ఆగదు.

మూడు: రసీదు ఇవ్వండి, లెక్క రాయండి, ఆ లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టండి. ఐదు రూపాయలు ఇచ్చిన ఒకటో తరగతి పిల్లవాడికి కూడా అది ఎక్కడికి పోయిందో తెలుసుకునే హక్కుంది.

నాలుగు: వచ్చిన దానిలో కొంత భాగం తర్వాతి తుఫాను కోసం పక్కన పెట్టండి. అన్నం పొట్లం ఫోటోకు అందంగా ఉంటుంది. ఆశ్రయ భవనం తలుపు బోల్టు బాగు చేయించడం ఫోటోకు ఎక్కదు. అందుకే దానికి చందా పుట్టదు. కట్టిన భవనాలు సున్నం లేక, మరమ్మతు లేక పాడుబడేది ఇందువల్లనే. ఒక చేతి మైకు, రెండు టార్చిలైట్లు, ఒక తాడు, కొన్ని క్లోరిన్ బిళ్ళలు కొనడానికి ఒక హైస్కూలు పిల్లల చందా చాలు.

చివరగా, డబ్బు అక్కర్లేని సాయం ఒకటుంది. ఈ ఆదివారం మీ వీధి పటం ఒకటి గీయండి. నడవలేని తాతగారు ఎవరి ఇంట్లో ఉన్నారు, చంటిబిడ్డ ఎక్కడ ఉంది, చెవిటి అవ్వ ఒంటరిగా ఉన్న ఇల్లు ఏది, అందరికంటే పల్లంలో ఉన్న గుడిసె ఏది, దగ్గరలోని ఎత్తైన గట్టి భవనం ఏది, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నీ అందులో గుర్తు పెట్టండి. ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో, పట్టణంలో అయితే వార్డు సచివాలయంలో ఇవ్వండి. తాళం ఎవరి దగ్గరుందో తెలియకపోతే, ముందు ఆ సంగతి కనుక్కోండి. మే నెలలో కనుక్కోవడం తేలిక. నవంబరు అర్ధరాత్రి గాలివానలో కష్టం.